ఏసీ వేస్తే బాబుకి తుమ్ములు: ఏ ఫిల్టర్ పెట్టాలి, ఎలా చూసుకోవాలి?

పాలపిట్ట అడిగారు:

మా బాబుకి తొమ్మిదేళ్లు. రాత్రి పడుకునే ముందు ఏసీ వేస్తాం. వేసిన కాసేపటికే వరసగా తుమ్ములు మొదలవుతాయి. తర్వాత కాస్త సర్దుకుని నిద్రపోతాడు కానీ పొద్దున లేచేసరికి ముక్కు దిబ్బడ, కళ్లు దురద. ఏసీ లేని గదిలో పడుకోబెడితే తుమ్ములు కొంచెం తగ్గుతాయి. కానీ ఉక్కకి నిద్ర పట్టదు వాడికి.

అలర్జీ పరీక్ష చేయించాం. డస్ట్ మైట్స్‌కి (దుమ్ములో ఉండే, కంటికి కనిపించని పురుగులు) గట్టిగా వచ్చింది, బూజుకి (తడిలో పెరిగే ఫంగస్) ఓ మాదిరిగా వచ్చింది. పుప్పొడికి రాలేదు. ఇంట్లో కుక్కా పిల్లీ లేవు. డాక్టరు గారు ముక్కులో కొట్టే స్ప్రే రాశారు, దాంతో పాటు ఏసీ ఫిల్టర్ల సంగతి కూడా చూసుకోమన్నారు. అక్కడి నుంచి నాకు టెన్షన్ మొదలైంది. ఫిల్టర్ అనే మాట కింద ఇన్ని రకాలున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.

మాది గోడకి ఉండే స్ప్లిట్ ఏసీ, ఒకటిన్నర టన్ను. ముందు మూత ఎత్తితే రెండు ప్లాస్టిక్ జాలీలు కనిపిస్తాయి. వాటి మీద చిన్న పట్టీలు రెండు తగిలించి ఉన్నాయి, ఒకటి ఆకుపచ్చది, ఒకటి నల్లది. ఇవి కాక సన్నటి ధూళిని ఆపుతాయంటూ జాలీల మీద అతికించే పీఎం 2.5 షీట్లు, కత్తిరించి పెట్టుకునే హెపా షీట్లు, వాసనలకి కార్బన్ షీట్లు అమ్ముతున్నారు. మా ఆడపడుచు వాళ్లింట్లో డక్టు ఏసీ, అంటే గొట్టాల ద్వారా గదులకి గాలి పంపేది. అందులో మెర్వ్ 13 అనే రకం ఫిల్టర్ వేశారట, వాళ్ల అమ్మాయికి బాగా తగ్గిందట. అది మా దానికి పడుతుందా? పడకపోతే ఈ షీట్లలో ఏది మంచిది? జాలీలు ఎన్నాళ్లకోసారి కడగాలి, సబ్బు వాడొచ్చా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. పిల్లాడు రోజూ అలా లేవడం చూడలేకపోతున్నాను.


చల్లగాలి:

మేము పీఎం 2.5 షీట్లు వాడుతున్నాం అండీ. పెట్టినప్పుడు తెల్లగా ఉంటాయి, కొన్ని వారాలకే నల్లబడిపోతాయి. ఆ నలుపంతా మన ఊపిరితిత్తుల్లోకి పోయేదే కదా. ఎక్కువ ఆలోచించకుండా తెప్పించుకోండి. జాలీ మొత్తం కప్పేలా రెండు పొరలు వేస్తే ఇంకా మంచిది.


ఏసీ_మేస్త్రి:

అమ్మా, నేను ఏసీలు సర్వీసు చేసేవాణ్ని. మా ఇంట్లో ఆవిడకి ఆస్తమా ఉంది కాబట్టి ఈ విషయం నాకు పనికే కాదు, ఇంటికీ సంబంధించినది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు రెండు పొరల మాట. చల్లగాలి గారూ, దయచేసి అలా చెయ్యకండి. షీటు నల్లబడింది అంటే దుమ్ము పడుతోంది, నిజమే. కానీ ఎంత పడింది అన్నది కాదు, ఎంత దాటిపోయింది అన్నది ముఖ్యం. అది షీటును చూస్తే తెలియదు. పైగా స్ప్లిట్ ఏసీలో తిరిగే బ్లోయర్ పొడుగాటి డ్రమ్ము లాంటి తేలికైన ఫ్యాను. దాని ముందు దాదాపు అడ్డేమీ ఉండదన్న లెక్కతోనే దాన్ని తయారు చేస్తారు. మందపాటి షీటు వేస్తే గాలి తగ్గుతుంది. గాలి తగ్గితే కూలింగ్ కాయిల్ సున్నా డిగ్రీల కిందికి దిగి ఐస్ కడుతుంది. ఆ ఐస్ కరిగి గోడ మీద నీళ్లు కారతాయి. అలాగే రోజులు నడిపితే కంప్రెసర్‌కే ముప్పు. ఇంత చేసినా గాలి షీటులోంచే పోతుందన్న నమ్మకం లేదు. షీటుకీ ఫ్రేముకీ మధ్య ఏ సందు దొరికితే ఆ సందులోంచి పోతుంది. ముక్కు దగ్గర వదులుగా ఉన్న మాస్కు పెట్టుకున్నట్టే.

ఇక ఆ ప్లాస్టిక్ జాలీ ఎందుకు పెడతారో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. అది మన ముక్కు కోసం పెట్టింది కాదు, లోపలున్న కాయిల్ కోసం పెట్టింది. కాయిల్‌కి పల్చటి అల్యూమినియం రేకులు దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటి మధ్య నూగు, వెంట్రుకలు, దూది పోగులు ఇరుక్కోకుండా జాలీ ఆపుతుంది. దాని కన్నాలు కంటికే కనిపిస్తాయి కదా. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). డస్ట్ మైట్స్ విసర్జించే గుళికలు, అసలు అలర్జీ తెచ్చేవి అవే, ఎక్కువగా 10 నుంచి 40 మైక్రాన్ల మధ్య ఉంటాయి. బూజు గింజలు చాలావరకు 2 నుంచి 10 మైక్రాన్లే. ఆ జాలీకి ఇవన్నీ లెక్కలోకే రావు, నూగులో చిక్కుకున్నవి తప్ప.

అలాగని జాలీ కడగడం అనవసరం అనుకోకండి, చాలా అవసరం. ఎందుకంటే జాలీ దాటిన దుమ్ము వెళ్లి తడి కాయిల్‌కి అంటుకుంటుంది. ఏసీ నడుస్తున్నంతసేపూ కాయిల్ తడిగానే ఉంటుంది. తడి, దుమ్ము, చీకటి మూడూ ఒకచోట చేరితే బూజుకి ఇంకేం కావాలి. కాయిల్ కింద నీళ్లు పడే డ్రెయిన్ ట్రే, కాయిల్ వెనక తిరిగే బ్లోయర్ రెక్కలు, ఈ రెండు చోట్లా బూజు బాగా పెరుగుతుంది. ఈ రెండూ జాలీకి అవతల ఉన్నాయి. అంటే గది గాలి జాలీలోంచి శుభ్రంగా లోపలికి వెళ్లినా, బయటికి వచ్చేటప్పుడు బూజు పట్టిన రెక్కల మీదుగానే వస్తుంది. అక్కడ దాన్ని ఆపే ఫిల్టరే లేదు. మీ బాబుకి బూజు పరీక్ష కూడా పాజిటివ్ వచ్చింది, ఏసీ వేసిన కాసేపటికే తుమ్ములు అంటున్నారు కాబట్టి నేను మొదట అనుమానించేది ఈ భాగాన్నే.

మీరే చూడొచ్చు. ఏసీ ఆపి, మెయిన్ స్విచ్ కూడా తీసెయ్యండి. గాలి వచ్చే చోట రెక్కల్ని మెల్లగా కిందికి వంచి టార్చి వెయ్యండి. లోపల పొడుగ్గా, సన్న రెక్కలతో గుండ్రంగా కనిపించేదే బ్లోయర్. వేళ్లు మాత్రం పెట్టొద్దు. రెక్కల మీద నల్ల చుక్కలు, మెత్తటి బూడిద రంగు పూత ఉంటే అసలు సమస్య అదే. ఏసీ ఆన్ చేసిన మొదటి నిమిషంలో తడిబట్టల ముక్క వాసన వస్తోందా? అది కూడా రాయండి.

ఆ చిన్న పట్టీల గురించి: నల్లది సాధారణంగా కార్బన్. అది వాసనల్ని పట్టుకుంటుంది, అలర్జీ గుళికల్ని కాదు. రెండో దానికి కంపెనీలు రకరకాల పేర్లు పెడతాయి. పేరు ఏదైనా, జాలీ మొత్తంలో అది కప్పే చోటు చూడండి, నాలుగో వంతు కూడా ఉండదు. మిగతా గాలంతా దాన్ని తాకకుండానే పోతుంది. ఉంటే ఉండనివ్వండి, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. గడువు అయిపోయిన పట్టీ దుమ్ము పట్టి కూర్చుంటే దాన్ని తీసేసినా నష్టం లేదు.

కడగడం: ఏసీ రోజూ వాడే రోజుల్లో రెండు వారాలకోసారి. ఇంటి పక్కన కట్టుబడి పని నడుస్తుంటే వారానికోసారి. ఈ పని బాబు ఉన్న గదిలో చెయ్యకండి. జాలీని మెల్లగా తీసి దులపకుండా నేరుగా నీళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, మీరు మాస్కు పెట్టుకోండి. దుమ్ము పట్టిన వైపు మీద నీళ్లు కొడితే దుమ్ము కన్నాల్లో ఇరుక్కుంటుంది. వెనక వైపు నుంచి నీళ్లు పోస్తే వచ్చిన దారినే పోతుంది. జిడ్డుంటే గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు చాలు, మెత్తటి బ్రష్షు వాడండి. వేడినీళ్లు వద్దు, 40 డిగ్రీలు దాటితే ఫ్రేము వంకర పోతుంది. వంకర పోయిన జాలీ మళ్లీ సరిగ్గా కూర్చోదు, పక్కన సందు వస్తుంది. ఎండలో పెట్టినా అంతే. నీడలో పూర్తిగా ఆరాకే పెట్టాలి. ఫినాయిల్, బ్లీచింగ్ లాంటివి దగ్గరికి రానివ్వకండి, ఆ వాసనలే ఇలాంటి పిల్లల ముక్కుని రేపుతాయి.


ధూళిమేఘం:

మేస్త్రి గారు స్ప్లిట్ గురించి చెప్పారు. నాకు డస్ట్ మైట్స్ అలర్జీ చిన్నప్పటి నుంచీ ఉంది, మా ఇంట్లో డక్టు ఏసీ. మెర్వ్ సంగతి నేను చెప్తాను.

మెర్వ్ అనేది అమెరికాలోని ఆష్రే సంస్థ 52.2 అనే ప్రమాణం కింద ఇచ్చే అంకె. 1 నుంచి 16 దాకా ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ సన్నటి ధూళి కూడా దొరుకుతుంది. మెర్వ్ 8 అంటే 3 నుంచి 10 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 70 శాతం ఆగాలి. మెర్వ్ 11కి అది 85 శాతం, 1 నుంచి 3 మైక్రాన్లవి 65 శాతం. మెర్వ్ 13 అయితే ఆ రెండూ 90, 85 శాతం, ఇంకా సన్నవి, 0.3 నుంచి 1 మైక్రాన్ లోపువి కూడా సగం ఆగాలి. కొన్ని ఫిల్టర్ల మీద మెర్వ్ బదులు ఐఎస్ఓ 16890 అని ఉంటుంది, అందులో ఈపీఎం 1, ఈపీఎం 2.5, ఈపీఎం 10 అని పక్కన శాతం ఇస్తారు. అదీ నమ్మదగిన లెక్కే. ఇవేవీ లేకుండా "అలర్జీ షీల్డ్", "అల్ట్రా క్లీన్" లాంటి మాటలు మాత్రమే ఉంటే నేను ముట్టుకోను.

ఇది స్ప్లిట్‌లో పట్టదు. మడతలు మడతలుగా ఉండే అంగుళం మందం పలక ఇది. డక్టు ఏసీలో గాలి వెనక్కి వచ్చే రిటర్న్ గ్రిల్ దగ్గరో, మెషీన్ దగ్గరో దీనికి గాడి ఉంటుంది.


ఏసీ_మేస్త్రి:

ధూళిమేఘం గారు సరిగ్గా చెప్పారు. డక్టు ఉన్నవాళ్ల కోసం దానికి రెండు మాటలు కలుపుతాను. ఒకే మందంలో మెర్వ్ పెంచితే అడ్డు పెరుగుతుంది, పాత మెషీన్లు తట్టుకోలేవు. గాడిలో చోటుంటే నాలుగంగుళాల మందం ఫిల్టర్ వేయించుకోండి. మడతలు లోతుగా ఉండటం వల్ల గాలి తగిలే వైశాల్యం ఎక్కువ, అందుకే అదే మెర్వ్ అయినా గాలి తేలిగ్గా పోతుంది. అంగుళందైతే మూడు నెలల్లోపు, నాలుగంగుళాలదైతే ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాలి. మడతల పేపరు ఫిల్టర్ని కడగకూడదు, వాక్యూమ్ కూడా పెట్టకూడదు. చాలా వాటి పోగులకి కరెంటు ఛార్జి ఎక్కించి ఉంటుంది, సన్నటి ధూళిని పట్టేది ఆ ఛార్జే. నీళ్లు తగిలితే అది పోతుంది. చూడ్డానికి తెల్లగా అవుతుంది, పని మాత్రం చెయ్యదు.

ఫ్రేము మీద బాణం గుర్తు ఉంటుంది, అది మెషీన్ వైపు చూడాలి. ఫిల్టర్ చుట్టూ వేలు దూరే సందు ఉంటే ఫోమ్ పట్టీతో మూసెయ్యాలి. మంచి ఫిల్టర్ కొని దాని పక్కన సందు వదిలేసిన ఇళ్లు చాలా చూశాను, మెర్వ్ 13 వేశామని ధీమాగా ఉంటారు పాపం. ఇంకోటి, ఫ్యాను తిరిగినంతసేపే ఫిల్టర్ పనిచేస్తుంది. చల్లదనం వచ్చి మెషీన్ ఆగితే వడపోత కూడా ఆగినట్టే. అలర్జీ ఎక్కువ ఉన్న రోజుల్లో గాలిలో తేమ తక్కువగా ఉంటే ఫ్యాన్‌ని "ఆటో" నుంచి "ఆన్"కి మార్చుకోవచ్చు.


పాలపిట్ట:

మేస్త్రి గారూ, టార్చి వేసి చూశాను. మీరు చెప్పినట్టే రెక్కల మీద నల్ల చుక్కలు, పక్కన మెత్తగా ఏదో పేరుకుని ఉంది. వాసన కూడా వస్తుంది, మేం దానికి అలవాటు పడిపోయాం. ఈ ఏడాదిలో రెండుసార్లు సర్వీసు జరిగింది. వచ్చినతను జాలీలు కడిగి, ముందు వైపు నుంచి కాయిల్ మీద నీళ్లు కొట్టి వెళ్లాడు. బ్లోయర్ గురించి అడిగితే అది ముట్టుకోనక్కర్లేదు అన్నాడు. ఈసారి ఏమని అడగాలి?

ఇంకో సంగతి, పడకగదిలో తేమ చూపించే చిన్న మీటరు పెట్టాను. రాత్రి ఏసీ వేసినా 62, 65 చూపిస్తోంది. పగలు ఇంకా ఎక్కువ. అది ఎంత ఉండాలి? ఫిల్టర్‌తో కాకపోతే మైట్స్‌కి ఏం చెయ్యాలి, ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా?


ఏసీ_మేస్త్రి:

సర్వీసుకి వచ్చినతన్ని ఇలా అడగండి: "ముందు ప్యానెల్ పూర్తిగా విప్పి, బ్లోయర్, డ్రెయిన్ ట్రే, పైపు మూడూ శుభ్రం చేస్తారా?" అవును అంటేనే రమ్మనండి. సరిగ్గా చేసేవాళ్లు ముందుగా కరెంటు బోర్డుకి నీళ్లు తగలకుండా కప్పుతారు, గోడ తడవకుండా ఏసీ చుట్టూ ప్లాస్టిక్ సంచి కడతారు, మురికి నీళ్లు బకెట్లోకి పోయేలా చూస్తారు. కాయిల్ మీద నీళ్లు రేకుల వెంట నిలువుగా, తక్కువ ప్రెషర్‌తో కొట్టాలి. అడ్డంగా కొడితే రేకులు వంగిపోయి గాలి దారి మూసుకుంటుంది. బ్లోయర్ బాగా పేరుకుంటే విప్పి బయటికి తీసి కడగడమే మేలు. ట్రేలో జిగురులా పేరుకున్నది తియ్యాలి, పైపులో నీళ్లు పోసి బయటికి ధారగా వస్తున్నాయో లేదో మీ కళ్లతో చూడండి. ఆ బకెట్లో పడే నీళ్ల రంగు చూస్తే మీకే తెలుస్తుంది ఇన్నాళ్లూ గాలి దేని మీదుగా వచ్చిందో. ఆ రోజు బాబుని ఆ గదిలోకి రానివ్వకండి. పని అయ్యాక కిటికీలు తీసి ఫ్యాన్ మోడ్‌లో గంటసేపు నడపండి, కెమికల్ వాడితే ఇంకొంచెం ఎక్కువసేపు. ఇది ఏడాదికోసారి తప్పదు, మీలా తేమ ఎక్కువున్న చోట ఆర్నెల్లకోసారి.

మళ్లీ బూజు పట్టకుండా ఉండాలంటే లోపల ఆరాలి. పొద్దున ఏసీ కట్టేసే ముందు కూలింగ్ ఆపి, అరగంట ఫ్యాన్ మోడ్‌లో వదలండి. కొన్ని ఏసీల్లో ఈ పని "ఆటో క్లీన్" అనే బటన్ చేస్తుంది. ఆ తేమ గదిలోకే వస్తుంది కాబట్టి బాబు లేచి వెళ్లాక, బయట మరీ ముసురుగా లేకపోతే కిటికీ తీసి చెయ్యండి. చాలామంది రిమోట్‌తో టక్కున ఆపేస్తారు, తడి కాయిల్ మూత వేసిన పెట్టెలో రోజంతా అలాగే ఉండిపోతుంది. మా ఇంట్లో ఈ ఒక్క అలవాటు మార్చాకే ఆ ముక్క వాసన పోయింది.

ఇప్పుడు మైట్స్. అవి ఏసీలో కాదమ్మా ఉండేది, పరుపులో, దిండులో, బొంతలో, మెత్తటి బొమ్మల్లో. మన చర్మం నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి. వాటి గుళికలు బరువైనవి, పరుపు దులిపినప్పుడు గాలిలోకి లేచి అరగంటలోపే చాలావరకు కిందికి దిగిపోతాయి. గాలిలో లేనిదాన్ని ఏ ఫిల్టరూ పట్టలేదు. పడుకున్నవాడి ముక్కు దిండుకి ఆనుకునే ఉంటుంది, ఏసీ ఎక్కడో గోడ మీద ఉంటుంది. అందుకే మైట్స్ విషయంలో ఎంత మంచి ఫిల్టర్ అయినా రెండో వరసే. పరుపుకీ దిండుకీ జిప్పు ఉండే దగ్గర నేత కవర్లు వెయ్యండి, నేత సందులు 10 మైక్రాన్లకి మించకూడదు. దుప్పట్లు, దిండు గలేబులు వారానికోసారి 55 నుంచి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. చన్నీళ్లకి మైట్స్ చావవు. ఏసీ గాలి నేరుగా పరుపు మీద పడకుండా రెక్కలు పైకి తిప్పండి, ఆ గాలికే పరుపు మీది దుమ్ము లేస్తుంది.

ఏసీ నిజంగా మీకు సాయం చేసేది తేమ దగ్గర. మైట్స్ నీళ్లు తాగవు, గాలిలోని తేమనే ఒంటితో పీల్చుకుంటాయి. తేమ 50 శాతం లోపు నిలకడగా ఉంటే అవి ఎండిపోయి తగ్గుతూ వస్తాయి, ఒక్కరోజులో కాదు. మీకు 62, 65 రావడానికి కారణాలు రెండు మూడు ఉండొచ్చు. గదికి ఏసీ పెద్దదైతే గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, నీళ్లు పిండేంత సమయం దానికి ఉండదు. కంప్రెసర్ ఆగాక కూడా ఫ్యాను తిరుగుతూ ఉంటే కాయిల్ మీది నీళ్లు మళ్లీ గాలిలో కలుస్తాయి. మురికి పట్టిన కాయిల్ కూడా నీళ్లు సరిగ్గా పిండదు. ముందు సర్వీసు చేయించి, ఒక రాత్రి డ్రై మోడ్‌లో పెట్టి మీటరు చూడండి. తలుపు కింద సందు, సగం మూసిన కిటికీ ఉంటే మూసెయ్యండి. అప్పటికీ దిగకపోతే గాలిలో తేమ లాగే యంత్రం, డీహ్యుమిడిఫయర్ గురించి ఆలోచించండి.

ప్యూరిఫయర్ కొంటే బూజు గింజలు, గాలిలో తేలే సన్నటి ధూళి తగ్గుతాయి, పనికొచ్చే వస్తువే. కానీ సర్వీసు, కవర్లు అయ్యాక కొనండి, ముందు కాదు. అసలైన హెపా 0.3 మైక్రాన్ల రేణువుల్ని 99.97 శాతం పట్టాలి. పట్టడానికి అతి కష్టమైన సైజు ఇంచుమించు అదే కాబట్టి ఆ సైజు మీద లెక్క చూస్తారు, అంతకంటే పెద్దవీ చిన్నవీ ఇంకా బాగా దొరుకుతాయి. "హెపా టైప్", "హెపా లాంటిది" అని ఉంటే ఆ లెక్క వర్తించదు. ఫిల్టర్ ఒక్కటే కాదు, గాలి ఎంత తిప్పుతుందో కూడా చూడాలి. దానికి సీఏడీఆర్ అనే అంకె ఉంటుంది. గది 150 చదరపు అడుగులైతే నిమిషానికి కనీసం 100 ఘనపు అడుగులు, అంటే గంటకి సుమారు 170 ఘనపు మీటర్లు ఉండాలి. రాత్రి చప్పుడు భరించలేక స్పీడు తగ్గిస్తారు కదా, అందుకని కాస్త పెద్దదే తీసుకోండి.


నీలిగోడ:

ఒక్క విషయం కలుపుతాను. నాకూ ఏసీ వెయ్యగానే తుమ్ములే, కానీ అలర్జీ పరీక్షల్లో ఏదీ రాలేదు. నాది అలర్జీ కాదు, చల్లటి గాలి ఒక్కసారిగా తగిలితే ముక్కు లోపలి పొర అలా స్పందిస్తుందని డాక్టరు వివరించారు. 26 డిగ్రీల దగ్గర పెట్టి, గాలి మొహం మీదికి రాకుండా చూసుకుంటే నాకు చాలావరకు తగ్గింది. మీ బాబుకి అలర్జీ ఉందని తేలింది కాబట్టి ఇదే కారణం అనను, కానీ రెండూ కలిసి ఉండొచ్చట. సర్వీసు చేయించాక కూడా మొదటి పావుగంట తుమ్ములు మిగిలిపోతే ఈ కోణంలో డాక్టరుని అడగండి. పిల్లికూతలు, ఆయాసం, రాత్రి దగ్గు ఉంటే మాత్రం ఫిల్టర్ల పని చూస్తూ కూర్చోకుండా వెంటనే చూపించండి.


ధూళిమేఘం:

పరుపు కవర్ల మాటకి నా ఓటు కూడా. నా ముక్కుకి మెర్వ్ 13 కంటే దిండు కవరు వల్లే ఎక్కువ తేడా తెలిసింది. పాలపిట్ట గారూ, మీ ఆడపడుచు గారి అమ్మాయికి దేనికి అలర్జీయో అడిగి చూడండి. పుప్పొడి అయితే అక్కడ ఫిల్టర్ బాగా పనిచేసి ఉంటుంది, మీ బాబుది వేరే లెక్క.


పాలపిట్ట:

అడిగాను, ఆ అమ్మాయిది పుప్పొడే!

నిన్న వేరే అతన్ని పిలిచి, మేస్త్రి గారు చెప్పిన మాటలే చదివి వినిపించి పని చేయించాను. బ్లోయర్ బయటికి తీసి కడిగాడు. బకెట్లో నీళ్లు నల్లగా, చిక్కగా ఉన్నాయి. ట్రేలో జిగురు, పైపు సగం మూసుకుపోయి ఉంది. మా ఇంట్లో అందరం నోరెళ్లబెట్టి చూశాం. వాసన పూర్తిగా పోయింది. తుమ్ములు రాత్రి కొన్ని వచ్చాయి కానీ ఆ వరస లేదు. తేమ 54కి దిగింది. దిండు కవర్లు ఆర్డరు పెట్టాను, పరుపుది కొలత తీసుకుని ఇవాళ పెడతాను. షీట్లు కొనట్లేదు. చల్లగాలి గారూ, మీరు కూడా ఒకసారి టార్చి వేసి చూడండి.

ఒక్క అనుమానం మిగిలింది. మా రిమోట్‌లో "అయాన్" అని ఒక బటన్ ఉంది, అలర్జీ కారకాలను చంపుతుందని పుస్తకంలో రాశారు. వచ్చినతను ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి అన్నాడు. ఉంచనా?


చల్లగాలి:

చూశాను అండీ. షీటు తీసి టార్చి వేస్తే మా బ్లోయర్ కూడా అలాగే ఉంది, కాయిల్ కింద వైపు తెల్లగా ఐస్ కూడా కనిపించింది. గాలి తక్కువ వస్తోందని గ్యాస్ నింపించాలి అనుకుంటున్నాం. మేస్త్రి గారూ, ఇది గ్యాస్ సమస్యా, షీటు సమస్యా?


ఏసీ_మేస్త్రి:

పాలపిట్ట గారూ, ఇంత వేగంగా చేయించారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. ఆ బటన్ ఆపే ఉంచండి. అయాన్ యంత్రాలు గాలిలోని ధూళికి ఛార్జి ఎక్కించి గోడలకీ, దుప్పట్లకీ అంటుకునేలా చేస్తాయి, అంటే అలర్జీ గుళిక గదిలోనే ఉంటుంది. వాటిలో కొన్ని ఓజోన్ కూడా పుట్టిస్తాయి. అలర్జీ ముక్కుకీ, ముఖ్యంగా ఆస్తమా వైపు మొగ్గే పిల్లల ఊపిరితిత్తులకీ ఓజోన్ మంచిది కాదు. అది లేకపోతే పోయే లాభమేమీ లేదు. 54 బాగుంది, ఇంకో వారం చూసి 50 లోపు దిగకపోతే రాయండి. స్ప్రే మాత్రం డాక్టరు గారు చెప్పేదాకా ఆపకండి, ఏసీ బాగుపడింది కదా అని.

చల్లగాలి గారూ, గ్యాస్ ఇప్పుడే నింపించకండి. ఏసీ ఆపి ఐస్ మొత్తం కరగనివ్వండి, కత్తితో, స్క్రూడ్రైవర్‌తో గోకవద్దు, కాయిల్‌కి కన్నం పడుతుంది. షీట్లు తీసేసి, బ్లోయర్‌తో సహా సర్వీసు చేయించి, ఉత్త జాలీతో రెండు గంటలు నడపండి. ఐస్ రాకపోతే అది గాలి తక్కువై వచ్చిందే. మళ్లీ వస్తే అప్పుడు గ్యాస్ ప్రెషర్ చూపించండి. గ్యాస్ తక్కువుంటే ఎక్కడో లీకు ఉన్నట్టు లెక్క, అది పట్టకుండా ఊరికే నింపి వెళ్లేవాళ్లని ఒప్పుకోకండి.